ఉలవలు ఉడికేదాకా

నేత చీరకు గంజి పెట్టడం బుధవారం నాడు కుదిరే పని కాదు. గంజి కాచాలి, పలచన చెయ్యాలి, గుడ్డలో వడగట్టాలి, చీర మడతమడతకూ సమంగా పట్టేలా ముంచి తియ్యాలి, గట్టిగా పిండకుండా నీడపట్టున ఆరెయ్యాలి. పూర్తిగా ఆరకముందే అంచులు పట్టి లాగి మడత వెయ్యాలి. ఈ ఆఖరి పనికి ఇద్దరు మనుషులు కావాలి, చీరకు ఆ కొసన ఒకరు, ఈ కొసన ఒకరు. బుధవారం నాడు మా ఇంట్లో ఒకే సమయానికి ఇద్దరు మనుషులు ఖాళీగా దొరకరు.

అందుకని గంజి ఆదివారం కోసం ఆగుతుంది. దాంతోపాటు మరికొన్ని పనులు కూడా ఆగుతాయి. కొత్త చింతపండు గింజ తియ్యడం, దేవుడి గదిలోని ఇత్తడి సామాను తోమడం, వారానికి సరిపడా పిండి రుబ్బుకోవడం, ఉలవచారు కాయడం. వీటిలో ఏదీ అంత కష్టమైంది కాదు. అన్నిటికీ కావలసింది సమయం, అదీ ముక్కలుగా కాకుండా ఒక్క బిగిన.

వారమంతా మా ఇంటి పని గడియారం చెప్పినట్టు నడుస్తుంది. ఎనిమిదిన్నరకు క్యారేజీలు కట్టాలి కాబట్టి ఎనిమిదింటికి కూర దిగాలి. కూరకు ఎంతసేపు కావాలన్న మాటే రాదు, నా దగ్గర ఎంతసేపు ఉందన్నదే లెక్క. వంకాయ అయితే నిలువునా చీరి గుత్తిగా వండే తీరిక లేక ముక్కలు కోసి పోపులో వేసేస్తాను. ఆదివారం ఆ లెక్క తిరగబడుతుంది. ఉలవలకు ఎంతసేపు కావాలో అంతసేపు నేనుంటాను, గంజి ఆరడానికి ఎంతసేపు పడితే అంతసేపు ఎదురుచూస్తాను. ఆదివారం అంటే నాకున్న ప్రేమంతా ఈ తేడాలోనే ఉంది. ఆ రోజు నేను మామూలు రోజులకన్నా ఎక్కువే పని చేస్తాను. అయినా సాయంత్రానికి ఒళ్ళు అలుస్తుంది గానీ మనసు అలవదు. ఎందుకని చాలాకాలంగా ఆలోచిస్తున్నాను.

మేముండేది బెజవాడలో, సత్యనారాయణపురంలో. పాత అపార్టుమెంటు, మూడో అంతస్తు, పైన డాబా. మామూలు రోజుల్లో ఏడు కాకముందే అన్ని అంతస్తుల నుంచీ కుక్కర్ల కూతలు ఒకదాని మీద ఒకటి పడుతుంటాయి. ఆదివారం తొమ్మిది దాటినా మెట్ల మీద అడుగుల చప్పుడుండదు. ఎక్కడో ఒక ఇంట్లో రేడియో, ఇంకో ఇంట్లో కొబ్బరి కోరుతున్న చప్పుడు, కింద కూరగాయల బండి అతని పిలుపు. ఈ నిశ్శబ్దంలో పని చేస్తుంటే ఏ పనికి ఆ పని శబ్దం విడిగా వినిపిస్తుంది. చారు ఎంత చిక్కబడిందో మరిగే చప్పుడును బట్టి చెప్పొచ్చు. పలచగా ఉన్నప్పుడు గలగలమంటుంది, చిక్కబడేకొద్దీ బుడగ బుడగకూ మధ్య ఎడం పెరుగుతుంది. మంగళవారం నాడు ఆ చప్పుడు నా చెవిన పడదు.

గంజి గురించి చెప్పాలంటే ప్రెషర్ కుక్కర్ గురించి చెప్పాలి. నా చిన్నతనంలో అన్నం వార్చేవాళ్ళు. ఎసరు నిండుగా పెట్టి, బియ్యం పోసి, మెతుకు పట్టి చూసి, పలుకు లేకుండా ఉడికిందనుకోగానే మూతకు గుడ్డ చుట్టి గిన్నె వంచేవాళ్ళు. అలా వచ్చిన గంజి ఒక పూటకు బోలెడు. కొంత చీరలకు, కొంత ఉప్పూ మజ్జిగా కలుపుకుని తాగడానికి, మిగిలింది గేదె కుడితిలోకి. ఆ గంజికి ఎవరూ ప్రత్యేకంగా శ్రమపడలేదు, అన్నంతోపాటు అదీ వచ్చేది. కుక్కర్ వచ్చాక బియ్యానికి కొలిచిన నీళ్ళే పోస్తాం, బియ్యం వాటినన్నిటినీ పీల్చేసుకుంటుంది. వార్చడం పోయింది, దాంతోపాటే గంజీ పోయింది. ఇప్పుడు గంజి కావాలంటే బియ్యప్పిండో సగ్గుబియ్యమో విడిగా కాచుకోవాలి, లేదా సీసాలో అమ్మేది కొనుక్కోవాలి. ఒక పని తేలికపడితే దాని వెనక ఉన్న మరో పని ఒంటరిదైపోయింది. ఒంటరి పనికి ఎవరికీ తీరిక లేక నేత చీరలు బీరువాలోకి వెళ్ళిపోయాయి.

అందుకే ఆదివారం నేను అన్నం వారుస్తాను. చీర కోసం మొదలుపెట్టాను గానీ ఇప్పుడు అన్నం కోసమూ వారుస్తున్నాను. వార్చిన అన్నం మెతుక్కి మెతుకు విడిపోయి ఉంటుంది. అందులో ఉలవచారు పోసుకుంటే ప్రతి మెతుకూ చారును పట్టుకుంటుంది. అదీగాక మా అత్తయ్యగారికి గ్లాసుడు గంజి దొరుకుతుంది, ఆవిడకది కాఫీ కంటే ఇష్టం.

మంగళగిరి చీరలు గంజిని బాగా తీసుకుంటాయి. మాకు ఊరు దగ్గరే, కృష్ణ దాటితే అరగంట ప్రయాణం. ఆ చీరకు ఒళ్ళంతా సాదాగానే ఉంటుంది, అందమంతా అంచులోనే. గుంట మగ్గం మీద గట్టిగా కొట్టి నేసే గుడ్డ. చేనేత వీధుల్లో పడుగును తెల్లవారుజామునే బారుగా సాగదీసి కుంచెలతో గంజి పట్టించడం చూసినవాళ్ళకు తెలుస్తుంది, మనం ఇంట్లో పెట్టే గంజి ఆ గుడ్డకు మొదటిది కాదని. మగ్గం మీద ఆడేటప్పుడు రాపిడికి దారం తెగకుండా అక్కడ గంజి కావాలి. ఇంట్లోనేమో గుడ్డ నిలబడటానికి కావాలి, మురికి పట్టకుండా ఉండటానికి కూడా. దుమ్మూ చెమటా దారంలోకి దిగకుండా గంజి పొర మీదే ఆగిపోతాయి, ఉతికినప్పుడు గంజితోపాటే పోతాయి. ముదురు రంగు చీరకు గంజి బాగా పలచగా ఉండాలి, తప్పనిసరిగా వడగట్టాలి. లేకపోతే ఆరాక తెల్లటి మచ్చలు తేలతాయి. తిరగేసి నీడలో ఆరేస్తే రంగు వెలవదు.

చీర మడత పెట్టేటప్పుడు ఆ కొస మా ఆయన పట్టుకుంటారు. ఇద్దరం ఎదురెదురుగా నిలబడి, ఒకేసారి లాగి, ఒకేసారి దగ్గరికొచ్చి, అంచులు కలిపి, ఆయన కొసను నా చేతిలో పెట్టి మళ్ళీ వెనక్కి వెళ్తారు. పెళ్ళయిన కొత్తల్లో ఈ పని ఆయనకు రాదు. బలంగా లాగితే అంచు వంకర పోతుంది, మెల్లగా లాగితే ముడత మిగులుతుంది. నేను లాగినంతే తనూ లాగాలని చేతికి తెలియాలి. అది మాటలతో నేర్పగలిగింది కాదు.

ఇక ఉలవలు. పప్పుదినుసుల్లోకెల్లా మొండివి. శనివారం రాత్రి నానబోస్తే తెల్లారేసరికి ఉబ్బుతాయి గానీ లొంగవు. నానబోసే ముందు ఏరుకోవాలి. కందిపప్పూ పెసరపప్పూ ఇప్పుడు ప్యాకెట్లలో శుభ్రంగానే వస్తున్నాయి, ఉలవలు మాత్రం ఇంకా పొలం వాసనతోనే వస్తాయి. ఉలవగింజ రంగులోనే, ఉలవగింజ పరిమాణంలోనే మట్టిబెడ్డలు కలిసి ఉంటాయి. చేటలో పోసుకుని, మంచి వెలుతురులో కూర్చుని, వేలితో పక్కకు జరుపుతూ చూస్తే తప్ప కనబడవు. ఒక్క బెడ్డ కరిగినా గిన్నెడు చారూ మట్టివాసన వేస్తుంది.

నేనూ కుక్కర్లోనే ఉడకబెడతాను. మూత బిగించిన కుక్కర్లో నీళ్ళు 100 డిగ్రీల దగ్గర ఆగకుండా 120 దాకా వేడెక్కుతాయి కాబట్టి పూట పట్టే పని గంటలో అవుతుంది. కుక్కర్‌కు నేను కృతజ్ఞురాలినే. అయితే కుక్కర్ ఉడకబెట్టగలదు గానీ మరిగించలేదు. మూత తీసి, నీళ్ళు వంపి, ఆ కట్టులో చింతపండు పులుసు పోసి, ఉల్లిపాయలూ పచ్చిమిరపకాయలూ ఉప్పూ వేసి, సన్నటి సెగ మీద వదిలెయ్యడం దగ్గర అసలు ఉలవచారు మొదలవుతుంది. ఆవిరి బయటికి పోవాలి, పోయేకొద్దీ మిగిలింది చిక్కబడాలి. దీనికి అడ్డదారి లేదు. సెగ పెంచితే అడుగంటుతుంది, పిండి కలిపితే చిక్కబడుతుంది గానీ రుచి చిక్కబడదు. నాలుగు గ్లాసుల కట్టు రెండు గ్లాసులయ్యేదాకా ఆగడం ఒక్కటే మార్గం.

మా అమ్మమ్మగారి ఊరు గుడివాడ దగ్గర. వాళ్ళింట్లో ఉలవలు ముందు ఎడ్ల కోసం. చలికాలం బరువు పనులున్న రోజుల్లో ఎడ్లకు ఉడికించిన ఉలవలు పెట్టేవాళ్ళు. పెద్ద కాగులో రాత్రంతా ఉడికేవి. గింజ ఎడ్లకు, కట్టు మనుషులకు. పక్కనే దాలిగుంటలో పిడకల నిప్పు మీద పాలు కాగుతుండేవి. పొద్దున్నుంచి సాయంత్రం దాకా కాగి ఎర్రటి మీగడ కట్టేవి. ఆ మీగడ ఆ చారులో పడేది. ఇప్పుడు హోటళ్ళలో ఉలవచారు బిర్యానీ కూడా వచ్చింది, పెళ్ళిళ్ళలో ఉలవచారు లేకపోతే వెలితిగా ఉంటోంది. కానీ ఆ రుచి పుట్టింది ఎవరూ తొందరపడని పొయ్యి మీద. రాత్రి ఆ పొయ్యి పక్కన ఎవరూ మేలుకుని కూర్చోలేదు. అది దాని మానాన ఉడికింది, మనుషులు వాళ్ళ మానాన నిద్రపోయారు. అమ్మమ్మకు ఆదివారం సెలవన్నది తెలియదు. కానీ వస్తువులకు వాటి సమయం వాటికి ఇవ్వడమన్నది ఆవిడకు వారంలో ఏడు రోజులూ ఉండేది. మాకు అది ఒక్క రోజుకు కుదించుకుపోయింది.

ఆ ఒక్క రోజైనా మనకు ఊరికే రాలేదు. మన పల్లెల్లో సెలవంటే అమావాస్య. తాపీమేస్త్రీలూ వడ్రంగులూ ఇప్పటికీ చాలాచోట్ల అమావాస్య నాడు పనిలోకి రారు. ఇల్లు కట్టించిన వాళ్ళందరికీ ఆ సంగతి తెలుసు. దొరల కచేరీలకు ఆదివారం సెలవుండేది గానీ బొంబాయి నూలు మిల్లుల్లో కూలీలకు లేదు. నారాయణ్ మేఘాజీ లోఖండే అనే ఆయన, జ్యోతిబా ఫూలే సహచరుడు, 'దీనబంధు' పత్రికకు సంపాదకుడు, 1884లో మిల్లు కూలీల సంఘం పెట్టి వారానికో రోజు సెలవు కావాలని అడగడం మొదలుపెట్టాడు. ఆరేళ్ళు పట్టింది. 1890 ఏప్రిల్ 24న బొంబాయిలో పదివేల మంది కూలీలు సభ జరిపారు. జూన్ 10న మిల్లు యజమానులు ఒప్పుకున్నారు. మరుసటి ఏడు, 1891లో, ఫ్యాక్టరీల చట్టంలోకి వారపు సెలవు ఎక్కింది. ఆ బొంబాయిలో మనవాళ్ళూ ఉన్నారు. కామాఠీపుర అన్న పేటకు ఆ పేరొచ్చింది నిజాం రాజ్యం నుంచి కూలికి వెళ్ళిన తెలుగు కామాఠీల వల్లే. తెలంగాణ పద్మశాలీలు ఆ మిల్లుల్లో తరతరాలు పని చేశారు.

ఆ ఏప్రిల్ సభలో ఇద్దరు ఆడవాళ్ళు మాట్లాడారని చరిత్ర పుస్తకాల్లో ఉంది. నాకు వాళ్ళ గురించి ఆలోచన పోదు. పదివేల మంది ముందు నిలబడి వారానికో రోజు సెలవు కావాలని అడిగిన ఆ ఇద్దరికీ జూన్ 10 తర్వాత వచ్చిన మొదటి ఆదివారం ఎలా గడిచి ఉంటుంది? జూన్ నెల, వానలు మొదలయ్యే కాలం. మిల్లుకు వెళ్ళక్కర్లేదు. పొద్దున్నే లేచి ఏం చేసి ఉంటారు? నా ఊహలో వాళ్ళు వారం మురికి బట్టలు ఉతుకుతూ కనిపిస్తారు. తర్వాత పిల్లలకు తలంటు పోస్తూ. సెలవు ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలై ఇంటి గడప దగ్గర ఆగిపోయి ఉంటుంది.

నాకలా అనిపించడానికి కారణం మా అమ్మ. నాన్న హైస్కూల్లో మాస్టారు, మాకు స్కూలు, అందరికీ ఆదివారం సెలవు. అమ్మకు అన్ని రోజుల్లోకీ బరువైన రోజు అదే. పొద్దున్నే కుంకుడుకాయలు కొట్టి గింజ తీసి వేడినీళ్ళలో నానబెట్టేది. మా ముగ్గురికీ నూనె పెట్టి తలలు రుద్దేది. కళ్ళల్లో పులుసు పడి మేం ఏడుస్తుంటే ఒక చేత్తో మా కళ్ళు మూసి ఇంకో చేత్తో నీళ్ళు పోసేది. ఆదివారం కాబట్టి కోడికూర. ఆదివారం కాబట్టి చుట్టాలు. 1987 జనవరిలో దూరదర్శన్‌లో రామాయణం మొదలైంది, ఆదివారం ఉదయం తొమ్మిదిన్నరకు. మా వీధిలో టీవీ ఉన్న ఇళ్ళు తక్కువ, మాది వాటిలో ఒకటి. హాలు నిండిపోయేది. అమ్మ ఆ రామాయణాన్ని వంటింట్లోంచే విన్నది. హిందీ రాదు. కానీ కథ తెలుసు కాబట్టి, గొంతుల్ని బట్టీ సంగీతాన్ని బట్టీ ఎక్కడిదాకా వచ్చిందో పోల్చుకునేది. మంథర గొంతు వినబడగానే కైకేయి వరాలు వచ్చే వారమేనని చెప్పేసేది. వచ్చినవాళ్ళందరికీ టీ కలుపుతూ చెప్పేది.

ఆదివారం పేపర్‌తో వచ్చే అనుబంధం అమ్మకు ప్రాణం. అందులో కథ, పదకేళి. నాన్న చదివాక, అన్నయ్య చదివాక, దాన్ని మడిచి బియ్యం డబ్బా మీద పెట్టేది. సోమవారం మేమంతా వెళ్ళిపోయాక, గిన్నెలు సర్దేసుకుని, తలుపు దగ్గరికి వేసి, చాప మీద పడుకుని అప్పుడు తీసేది. ఒకసారి జ్వరమొచ్చి స్కూలు మానేసిన రోజున చూశాను. అంత నెమ్మదిగా, అంత ఇష్టంగా అమ్మ ఏదైనా చెయ్యడం అంతకుముందు నేను చూడలేదు. పదకేళి గళ్ళు పెన్సిల్‌తో నింపుతూ, ఒక్కో మాట పైకి అనుకుంటూ, మధ్యలో కళ్ళు మూసుకుంటూ. అమ్మకు ఆదివారం సోమవారం మధ్యాహ్నం వచ్చేది.

జాతీయ గణాంక కార్యాలయం 2019లో మొదటిసారి దేశమంతటా సమయ వినియోగ సర్వే చేసింది. మనిషి రోజులో ఏ అరగంట ఏం చేశాడో రాసుకున్నారు. ఇంటి పని చేసిన ఆడవాళ్ళు దాని మీద పెట్టింది రోజుకు సగటున 299 నిమిషాలు. చేసిన మగవాళ్ళు పెట్టింది 97 నిమిషాలు. చేసినవాళ్ళ సంగతే ఇది, అసలు ఆ రోజు ఇంటి పని ముట్టుకున్న మగవాళ్ళే నూటికి పాతిక మంది కంటే కొంచెం ఎక్కువ. 2024లో మళ్ళీ చేశారు. ఈసారి ఆడవాళ్ళు 289, మగవాళ్ళు 88. మిక్సీలు వచ్చాయి, వాషింగ్ మెషీన్లు వచ్చాయి, ఇద్దరికీ పని తగ్గింది. ఇద్దరి మధ్య తేడా మాత్రం అప్పుడు 202 నిమిషాలు, ఇప్పుడు 201. ఈ ఒక్క నిమిషం దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. యంత్రాలు పనిని తగ్గిస్తాయి, పంచిపెట్టలేవు.

పి. సత్యవతి గారి 'ఇల్లలకగానే' కథ మన ఆడవాళ్ళలో చాలామందికి తెలుసు. ఇల్లలుకుతూ పేరు మర్చిపోయిన ఈగ కథ చిన్నప్పుడు అందరం విన్నదే. ఆ ఈగలాగే ఒక చదువుకున్న అమ్మాయి పెళ్ళయి, సంసారంలో పడి, తన పేరు తనే మర్చిపోయి వెతుక్కుంటుంది. ఆ కథ చదివిన రోజు నేను ఇల్లు తుడవడానికి చీపురు పట్టుకుని కాసేపు కదల్లేదు. ఆ కథలో ప్రతి మాటా నిజమే. అయితే ఇన్నేళ్ళ తర్వాత నాకు దానికి ఒక మాట చేర్చాలనిపిస్తుంది. అలకడంలో పేరు పోదు. తనొక్కతే అలకడంలో పోతుంది, ఎవరో తొందరపెడుతుంటే అలకడంలో పోతుంది. గడప మీద ముగ్గు తీర్చి ఒకడుగు వెనక్కి వేసి చూసుకునే మనిషికి తనెవరో బాగానే తెలుసు. ఆ వెనక్కి వేసే అడుగుకు సమయం కావాలి, పక్కన మరో మనిషి కావాలి. నా ఆదివారాల్లో ఈ రెండూ ఉన్నాయి. మా అమ్మ ఆదివారాల్లో లేవు. నా మనసు ఎందుకు అలవదన్న ప్రశ్నకు నాకు దొరికిన జవాబు ఇదే.

చిక్కుడుకాయల ముందు కూర్చుంటే ఈ సంగతి ఇంకా బాగా తెలుస్తుంది. మాఘమాసం చిక్కుళ్ళ కాలం. మా అత్తయ్యగారు మాఘ ఆదివారాలు పాటిస్తారు. డాబా మీద ముగ్గు వేసి, పిడకలు రాజేసి, ఎండకు ఎదురుగా పాలు పొంగించి పరమాన్నం వండుతారు. రథసప్తమికైతే చిక్కుడుకాయలతో రథం చేసి, చిక్కుడాకుల్లో పరమాన్నం పెట్టి సూర్యుడికి చూపిస్తారు. ఆ నెల ఆదివారాలు మా ఇంట్లో నీచు ఉండదు. చిక్కుడుకాయ కూర, ఉలవచారు, అప్పడాలు. చిక్కుడుకాయలకు రెండు వైపులా ఈనెలు తియ్యాలి, పుచ్చు చూసుకోవాలి. కిలో కాయలు ఒక్కదాన్నే కూర్చుంటే విసుగొస్తుంది. నలుగురం కూర్చుంటే కబుర్లు అయిపోకముందే కాయలు అయిపోతాయి.

చేతుల్లో పనుండి, కళ్ళు కాయల మీద ఉన్నప్పుడు మనుషులు మామూలుగా చెప్పని మాటలు చెబుతారు. ఎదురెదురుగా కూర్చుని, చెప్పమ్మా, ఏమైంది, అని అడిగితే మా అమ్మాయి ఏమీ లేదంటుంది. ఈనెలు తీస్తూ ఉంటే, ఏ ఇరవయ్యో కాయ దగ్గరో, కాలేజీలో తనకు నచ్చని సంగతి దానంతట అది బయటికొస్తుంది. అత్తయ్యగారు తన పెళ్ళినాటి సంగతులు చెప్పిందీ ఈ కాయల దగ్గరే. కాపురానికొచ్చిన ఏడు తుపానులో ఇంటి కప్పెగిరిపోతే చింతపండు జాడీని ఒళ్ళో పెట్టుకుని రాత్రంతా కూర్చున్నారట. ఏడాదికి సరిపడా చింతపండు, గింజా పీచూ తీసి, ఉప్పు చల్లి, జాడీలో కూరింది. ఇల్లు పోతే కట్టుకోవచ్చు, అంత చింతపండు మళ్ళీ ఎవరు వలుస్తారు అని ఆ వయసులో తనకు అనిపించిందని చెప్పారు. ఆ మాట విన్నాక మా ఆయన చేతులు కాసేపు ఆగాయి. కన్నకొడుకుకే ఆ సంగతి తెలియదు. ఆవిడ ఎనభయ్యేళ్ళకు, మేం ముగ్గురం ఈనెలు తీస్తుండగా చెప్పారు.

మధ్యాహ్నం భోజనాలయ్యాక రుబ్బు. పొద్దున నానబోసిన మినప్పప్పు, బియ్యం. వారం మధ్యలో పిండి అయిపోతే కొట్లో కొనుక్కొస్తాను, ఆ ప్యాకెట్ నా పొద్దుటి పూటలను ఎన్నిసార్లు నిలబెట్టిందో. కానీ ఆదివారం పిండి ఆదివారం పిండే. కోయంబత్తూరు నుంచి వచ్చిన రాతి గ్రైండరు మాది. మిక్సీలో అయితే వేడికి పప్పు జిగురు చచ్చిపోతుంది. రాళ్ళ మధ్య నెమ్మదిగా నలిగితే పిండి చల్లగా ఉండి పొంగుతుంది. చేత్తో కలిపి, గిన్నె సగానికే నింపి, మూతపెట్టి వదిలెయ్యడం. మే నెలలో అయితే ఆరు గంటల్లో గిన్నె అంచు దాటుతుంది, మాఘంలో తెల్లారేదాకా పడుతుంది. కంటికి కనబడని సూక్ష్మజీవులు ఆ పిండిలోని చక్కెరను తింటూ, పులుపునూ గాలినీ వదులుతూ రాత్రంతా పని చేస్తాయి. మినప్పప్పు జిగురు ఆ గాలిని పట్టి ఉంచుతుంది. మనం చెయ్యాల్సిందల్లా జోక్యం చేసుకోకుండా ఉండటం.

ఇంటి పనిలో సగం ఇలా ఆగడమేనని నాకు ఇప్పుడు తెలుస్తోంది. నానాలి, ఉడకాలి, మరగాలి, ఆరాలి, పులవాలి. వీటిలో ఏదీ మనం చేసేది కాదు, మనం దగ్గరుంటే జరిగేది. మామూలు రోజుల్లో మనకు దొరకనిది ఈ దగ్గరుండే భాగం. ఆ సమయమంతా ఒక్కరి మీద పడితే అది కాపలా. ఇంట్లో అందరి మధ్యా పరుచుకుంటే అందులో పుస్తకం చదువుకోవచ్చు, నిద్రపోవచ్చు, ఊరికే కిటికీలోంచి చూడొచ్చు. మా ఇంట్లో నాలుగింటి నుంచి ఆరింటి దాకా ఎవరి మూలన వాళ్ళుంటారు. గ్రైండర్ ఆగిందో లేదో చూడటం అమ్మాయి వంతు. డాబా మీద చీరలు వాళ్ళ నాన్న చూస్తారు. నేను ఆ రెండు గంటలూ అనుబంధంలో కథ చదువుకుంటాను, ఆదివారం నాడే.

ఉలవచారు రెండో రోజు ఇంకా బాగుంటుంది. రాత్రంతా ఉప్పూ పులుపూ కుదురుకుని సోమవారానికి చిక్కబడుతుంది. సోమవారం క్యారేజీలో అదే. ఆఫీసులో నా పక్క సీటు ఆవిడది అనంతపురం, వాళ్ళు ఉలవలతో గుగ్గిళ్ళు చేసుకుంటారు. చారులో మీగడేమిటని మొదట్లో వింతగా చూసేది, ఇప్పుడు తనకో చిన్న డబ్బా విడిగా తెమ్మంటుంది.

భోజనం అయ్యాక అమ్మకు ఫోన్ చేస్తాను. ఇప్పుడు అన్నయ్య దగ్గర గుడివాడలో ఉంటోంది. కోడలు ఆమెను పొయ్యి దగ్గరికి రానివ్వదు, అయినా అలవాటు పోలేదు. ఆదివారం అనుబంధాన్ని సోమవారం దాకా దాచుకుంటుంది.

"ఏం వండావే నిన్న?"

"ఉలవచారమ్మా."

"ఉలవలు బాగా ఏరావా? బెడ్డలుంటాయి."

"నేను కాదమ్మా, మీ అల్లుడుగారు ఏరారు. ఒక్క బెడ్డ తగల్లేదు."

అమ్మ ఒక క్షణం ఆగి, "అయితే పదకేళి పూర్తయిందా నీకు? అడ్డం పదకొండు నాకు రావట్లేదు, చెప్పు," అంది.